రివెట్లు లెక్కపెట్టే వాస్తవికత

ఈ మధ్య మా కాలేజీ విద్యార్థులు ఒక చిన్న ప్రదర్శన ఏర్పాటు చేశారు. ఎవరికి ఏ చేతిపని వస్తే అది తెచ్చి పెట్టమన్నారు. నేను నాలుగు బొమ్మలు తీసుకువెళ్లాను. బొమ్మలంటే కొండపల్లి బొమ్మలు కావు. ప్లాస్టిక్‌తో చేసిన యుద్ధ విమానాలు రెండు, టాంకులు రెండు. ముప్ఫై యేళ్లుగా నాకీ వ్యసనం వుంది. రాత్రి జవాబు పత్రాలు దిద్దడం అయాక, దీపం దగ్గరకు లాక్కుని, 72వ వంతుకు కుదించిన రెక్క అంచుని ఉప్పుకాగితంతో రుద్దుకుంటూ కూర్చుంటాను. ఈ సంగతి మన సంఘ మిత్రుల్లో కొందరికి తెలుసు. తెలిసినవారు మర్యాదకొద్దీ ఇన్నాళ్లూ ఆ ప్రస్తావన తేలేదు. ప్రదర్శన తర్వాత తెచ్చారు.

విద్యార్థి సంఘంలో పనిచేసే ఒక కుర్రవాడు సూటిగానే అడిగాడు: "మాష్టారూ, యుద్ధానికి వ్యతిరేకంగా తీర్మానాలు రాసే చేత్తోనే బాంబరుకి రంగెలా వేస్తారండీ?" అదే సాయంత్రం, నాలాగే ఈ పనిలో తలమునకలైన పెద్దమనిషి ఒకాయన, ఆ ప్రశ్న విని నొచ్చుకుని, నన్ను పక్కకు పిలిచి ఓదార్చారు: "వాళ్ల మాటలు పట్టించుకోకండి. ఇది శుద్ధమైన కళ. ఇందులోకి రాజకీయాలు తేకూడదు. రివెట్టు వుండవలసిన చోట రివెట్టు వుందా లేదా, అంతే ప్రశ్న."

కుర్రవాడి ప్రశ్న నన్ను బాధించింది. పెద్దమనిషి ఓదార్పు అంతకన్నా ఎక్కువ బాధించింది. ఎంచేతనంటే ఆయన మాట మనం ఎరగనిది కాదు. కవిత్వం గురించీ, చిత్రలేఖనం గురించీ, నవల గురించీ ఇదే మాట విన్నాం. విని జవాబు చెప్పాం. ప్లాస్టిక్ విమానం దగ్గర అదే మాట మళ్లీ ఎదురైతే, ఇదేదో కాలక్షేపం గదా అని వదిలెయ్యడం నాకు సరిగా తోచలేదు. అందుకే ఇద్దరికీ కలిపి ఈ జవాబు.

1

ముందుగా ఈ పని ఏమిటో చెప్పాలి. చాలామందికి తెలియదు గనక.

ఉక్కు అచ్చులోకి కరిగిన పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌ని ఒత్తిడితో ఎక్కిస్తే, తీగకి కాయల్లాగ చట్రానికి అంటుకున్న భాగాలు వస్తాయి. పెట్టె కొన్నవాడు వాటిని కత్తితో కోసి, గరుకు తీసి, అతుకుతాడు. ఆ జిగురు మన బంకలాంటిది కాదు. ప్లాస్టిక్‌నే కరిగించి రెండు ముక్కల్ని ఒకటి చేస్తుంది. సందు మిగిలితే పుట్టీ పెట్టి, ఆరాక తడి ఉప్పుకాగితంతో రుద్దాలి. ప్రైమరు పూత వేసి చూస్తే, పోయిందనుకున్న గీత మళ్లీ కనబడుతుంది, మళ్లీ రుద్దాలి. ఆ తర్వాత రంగు. రంగు మీద దేశపు గుర్తులూ, దళం అంకెలూను. ఇవి నీళ్లలో నానబెట్టి కాగితం మీంచి జార్చి అంటించే పలచని పొరలు.

ఇంతవరకూ బొమ్మ ఫాక్టరీనుంచి అప్పుడే వచ్చినట్టు వుంటుంది. అసలు నేర్పు అక్కడ మొదలవుతుంది. రేకుల అతుకుల్లోకి పలచని నూనెరంగు పారించాలి. పొగగొట్టాల వెనక మసి పట్టించాలి. మెకానిక్కు కాలుపెట్టి ఎక్కే చోట రంగు లేచిపోయి కింద లోహం మెరిసినట్టు చూపాలి. దానికి తడిమీద ఉప్పు చల్లి, పైన రంగు వేసి, ఆరాక ఉప్పు దులిపే ఉపాయం వుంది. టాంకయితే పట్టాల్లో బురద పెట్టాలి. అది రష్యా బురదా, ఉత్తర ఆఫ్రికా ఇసుకా అని ముందు తేల్చుకోవాలి.

ఇందులో శ్రమ వుంది, ఓర్పు వుంది, చదువు వుంది. మా విద్యార్థుల్లో చాలామంది యంత్రాన్ని పాఠ్యపుస్తకంలో బొమ్మగా తప్ప ఎరగరు. ఏ గొట్టం ఎందుకు ఎటు పోతుందో వేళ్లతో తెలుసుకోవడం నా దృష్టిలో మంచి చదువే. దీన్ని పిల్లచేష్ట అని తీసిపారేసేవారు చేతిపని అంటే మన సమాజంలో వున్న పాత చిన్నచూపునే, తెలిసో తెలియకో, మోస్తున్నారు.

ఐతే ఈ లోకంలో "రివెట్లు లెక్కపెట్టేవాళ్లు" అని ఒక తెగ వుంది. వారే ఇచ్చుకున్న పేరో, పక్కవారు వేళాకోళానికి పెట్టిన పేరో గాని, ఆ పేరు సార్థకం. రెక్క మీద ఒక వరసలో ఎన్ని రివెట్లున్నాయో లెక్కపెట్టి, కిట్టులో ఒకటి తగ్గితే తప్పు పడతారు. జర్మన్ వైమానిక శాఖ తన రంగులకి అంకెలు పెట్టింది; యుద్ధం చివరి రోజుల్లో వాడిన 81, 82, 83 అంకెల రంగులు సరిగ్గా ఏ ఛాయలో వుండేవన్న తగవు దశాబ్దాల తరబడి సాగుతూనే వుంది. ఇది గోధుమ కలిసిన ఆకుపచ్చా, ఆకుపచ్చ కలిసిన గోధుమా? పుస్తకాలు రాశారు. స్నేహాలు చెడాయి. నేనూ ఆ తగవులో తలదూర్చినవాడినే.

2

ఇదంతా వాస్తవికత కోసమేనని వారంటారు. ఈ వాదాన్ని పరిశీలిద్దాం.

1888లో ఎంగెల్స్ మార్గరెట్ హార్క్‌నెస్‌కి రాసిన ఉత్తరం మన పాఠకులకు కొత్తదేమీ కాదు. వివరాలు నిజమైనంత మాత్రాన వాస్తవికత సిద్ధించదనీ, ఏ పరిస్థితులు ఏ మనుషుల్ని ఎలా నడిపిస్తున్నాయో కనబడాలనీ ఆయన ఆ నవలా రచయిత్రికి చెప్పిన మాటల సారాంశం. 1936లో లూకాచ్ కథనానికీ వర్ణనకీ మధ్య గీసిన గీత కూడా అదే. వస్తువుల్ని గుట్టగా పోసి వర్ణించేవాడు మనిషిని ఆ వస్తువుల మధ్య మరో వస్తువుగా మార్చేస్తాడు. ఆ విమర్శ నవలకి ఎంత వర్తిస్తుందో, నా బల్లమీది విమానానికీ అంతే వర్తిస్తుంది.

ఒక ఉదాహరణ. సోవియట్ టీ-34 టాంకు బొమ్మ చేసేవాడు దాని తలకట్టు నున్నగా వుండనివ్వడు. ద్రవ జిగురు పూసి, ప్లాస్టిక్ మెత్తబడ్డాక గట్టి కుంచెతో పొడిచి, పోత ఇనుపగరుకు తెప్పిస్తాడు. భేష్! కాని ఆ గరుకు ఎక్కడిది? 1941లో హిట్లరు సేనలు ముంచుకొస్తుంటే హార్కోవ్ ఫాక్టరీని విప్పి, రైళ్లకెక్కించి, ఉరల్ పర్వతాల అవతల నీజ్నీ తగీల్‌లో మళ్లీ నిలబెట్టారు. మగవాళ్లు యుద్ధానికి పోగా, ఆడవాళ్లూ మీసాలు రాని కుర్రాళ్లూ యంత్రాల ముందు నిలబడ్డారు. ఉక్కు నునుపు చేస్తూ కూర్చునే వ్యవధి వాళ్లకి లేదు. ఆ గరుకు ఒక శ్రామికవర్గపు చేవ్రాలు. మనవాడు ఆ చేవ్రాలుని వెంట్రుకవాసి తేడా లేకుండా దించుతాడు. సంతకం ఎవరిదని అడగడు.

ఇంకొకటి. వీ-2 రాకెట్టుకి చక్కని కిట్లున్నాయి. నలుపూ తెలుపూ గళ్లతో చూడముచ్చటగా వుంటుంది. దాన్ని తయారుచేసింది కొండ కింద సొరంగాల్లో, డోరా నిర్బంధ శిబిరం ఖైదీల చేత. ఆ డోరా శిబిరాల్లో సుమారు 20,000 మంది చచ్చిపోయారు. ఆ రాకెట్టు పడి చచ్చినవారికన్నా దాన్ని చెయ్యడంలో చచ్చినవారే ఎక్కువ. ఆయుధాల చరిత్రలో ఇలాంటి లెక్క మరొకటి వుంటుందా? కిట్టు కాగితంలో ఆ రాకెట్టు బరువు వుంటుంది, పొడుగు వుంటుంది, వేగం వుంటుంది. నేను చూసిన ఏ కాగితంలోనూ ఈ లెక్క లేదు.

లేకపోవడం ఒక్కటే కాదు; తుడిచెయ్యడం కూడా వుంది. నాజీ గుర్తుల్ని బహిరంగంగా చూపడం జర్మనీలో నేరం గనక, పెట్టెమీది చిత్రంలో విమానం తోకమీద స్వస్తిక వుండదు. ఆ చట్టాన్ని నేను తప్పు పట్టను. కాని కొన్ని కంపెనీలు చేసే పని చూడండి: ఆ గుర్తుని రెండు ముక్కలుగా అచ్చువేసి ఇస్తాయి, కొన్నవాడు ఇంటిదగ్గర అతుక్కోవచ్చునని. చట్టం బతికింది, బేరమూ బతికింది! ఇక జర్మనీ 1945లో లొంగిపోకుండా 1946దాకా పోరాడివుంటే ఎగిరేవేమో అనుకునే కాగితపు నమూనా విమానాలకి ప్రత్యేకంగా ఒక శాఖే వుంది. ఆ విమానాలు ఎగిరివుంటే ఏ ఊళ్ల మీద ఎగిరేవి? ఏ శిబిరాలు ఇంకో యేడాది నడిచేవి? రంగు గురించి అంత పట్టింపు వున్నవారు ఈ ప్రశ్న దగ్గర మాత్రం "ఇది వుత్త ఊహ గదండీ" అంటారు.

రాజకీయాలు వద్దన్న పెద్దమనిషికి నా జవాబు ఇది: అయ్యా, మీ వాస్తవికతలో మసికి చోటుంది, నెత్తురుకి లేదు. తుప్పుకి చోటుంది, చెమటకి లేదు. ఏది చూపాలో, ఏది దాచాలో మీరు ముందే ఎంచుకున్నారు. ఆ ఎంపిక పేరే రాజకీయం. దాన్ని నేను కొత్తగా తేవడంలేదు; మీ బల్లమీద అది నాకన్నా ముందునుంచీ వుంది.

3

ఇంత నిక్కచ్చిగా మాట్లాడుతున్న నేను ఏం చేశానో కూడా చెప్పాలి. లేకపోతే ఈ విమర్శ పరాయివాళ్ల మీద రాళ్లు రువ్వడమే అవుతుంది.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మా విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన నకజిమా బాంబర్లు అవి. మిత్రపక్షాలు వాటికి పెట్టిన మారుపేరు "కేట్". పెర్ల్ హార్బర్ మీద దాడి చేసింది కూడా ఆ రకమే. మూడేళ్ల క్రితం ఆ విమానాన్ని 48వ వంతులో చేశాను. పెట్టెలో వచ్చిన గుర్తులు పెర్ల్ హార్బర్‌వి. నేను శ్రమపడి ర్యూజో విమానాలకు తగ్గట్టు మార్చాను. ముగ్గురు మనుషుల్ని ఒకరి వెనక ఒకర్ని కూర్చోబెట్టాను. సముద్రపు ఉప్పుగాలికి వెలిసిన ఆకుపచ్చ రంగు తెప్పించడానికి రెండు నెలలు పట్టింది. నేను చేసినవాటిలో అదే మేలైనదని ఇప్పటికీ అనుకుంటున్నాను.

మా అమ్మకి ఆ బాంబులు పడ్డనాడు 8 యేళ్లు. తాతగారు రేవులో గుమాస్తా, కాపురం పాతఊళ్లో. ఊరు ఖాళీ అవుతూంటే వీళ్లూ ఎడ్లబండి కట్టించుకుని విజయనగరం దారి పట్టారు. విమానం పూర్తయాక, గొప్పకోసమే అనుకోండి, తీసుకెళ్లి అమ్మ చేతిలో పెట్టాను. కళ్లద్దాలు సవరించుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది. లోపలి మనుషుల్ని వేలితో చూపించి ఎవరని అడిగింది. ఇతను నడిపేవాడు, ఇతను బాంబు గురిచూసేవాడు, వెనకవాడు తుపాకీ పేల్చేవాడు అని చెప్పాను. కాసేపు వూరుకుని అంది:

"బాగానే చేసేవురా. మరి కిందున్న మేవేరీ?"

ఈ ప్రశ్నకి రెండో ప్రపంచయుద్ధం మీద నేను చదివిన ఏ పుస్తకంలోనూ జవాబు దొరకలేదు. 48వ వంతులో నాలుగడుగుల పిల్ల సరిగ్గా ఒక అంగుళం వుంటుంది. అంగుళంలో పదో వంతు వుండని రివెట్ల కోసం రెండు నెలలు కళ్లు పోగొట్టుకున్నవాణ్ని, ఆ అంగుళం పిల్ల నాకు కనబడలేదు.

అమ్మ అడిగిన మాటే 1995లో అమెరికాను ఒక ఊపు ఊపింది. హిరోషిమా మీద అణుబాంబు వేసిన ఎనోలా గే విమానాన్ని వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ వైమానిక మ్యూజియం ప్రదర్శించదలిచింది. విమానంతో పాటు, అది ఎగిరిన కింద ఏం జరిగిందో కూడా చూపుదామని పథకం వేశారు. బూడిదైన అన్నంతో సహా దొరికిన ఒక బడిపిల్ల డబ్బా ఆ పథకంలో వుంది. మాజీ సైనికుల సంఘాలూ, కాంగ్రెస్ సభ్యులూ విరుచుకుపడ్డారు. ఆ సంవత్సరం జనవరిలో పథకం రద్దయింది. మేలో మ్యూజియం డైరెక్టరు మార్టిన్ హార్విట్ రాజీనామా చేశాడు. విమానం మాత్రం ప్రదర్శనకి వచ్చింది. 2003 నుంచి పూర్తిగా మెరుగుపెట్టి మరో భవనంలో నిలబెట్టారు. రివెట్లన్నీ వున్నాయి. అన్నం డబ్బా లేదు.

"విమానం చూపవచ్చు, నేల చూపరాదు" అన్నది ప్రభుత్వాల విధానం. మనం ఇంట్లో కూర్చుని, ఎవరూ బలవంతపెట్టకుండానే, అదే విధానాన్ని చిన్న కొలతలో అమలు జరుపుతున్నాం. మా సముద్రతీరాన 2002 నుంచి కురుసుర జలాంతర్గామీ, 2017 నుంచి టీయూ-142 విమానమూ మ్యూజియాలుగా వున్నాయి. పిల్లల్ని తీసుకువెళ్తాం, ఫోటోలు తీసుకుంటాం, వేరుశనక్కాయలు కొనిపెట్టి ఇంటికి వస్తాం. అవి ఎందుకు పుట్టాయి, ఎవరి డబ్బుతో, ఎవరి భయాన్ని ఆసరా చేసుకుని అన్న ప్రశ్న ఆ పిల్లల చెవిన వేసే బాధ్యత ఉపాధ్యాయులది. మనలో ఎంతమందిమి వేస్తున్నాం?

4

ఇక నా విద్యార్థి మిత్రుడికి.

నాయనా, నీ కోపం న్యాయమైనది. నీ తీర్పు తొందరపాటుది. యుద్ధయంత్రం బొమ్మ కనబడితే చాలు అది యుద్ధోన్మాదమని నువ్వంటున్నావు. ఐతే యుద్ధం గురించి రాసిన ప్రతి నవలా యుద్ధోన్మాదమేనా? ఏ వస్తువు తీసుకున్నాడన్నది ఒక ప్రశ్న. దాన్ని ఏ వైపు నిలబడి చూశాడన్నది వేరే ప్రశ్న. రెండూ కలిపేస్తే విమర్శ సులువవుతుంది గాని నిజం దొరకదు.

ఈ పరిశ్రమ పుట్టుక చూడు. ఇంగ్లండులో ఎయిర్‌ఫిక్స్ కంపెనీని 1939లో స్థాపించినవాడు నికొలస్ కోవ్ అనే హంగేరియన్ యూదు కాందిశీకుడు. ఆ కంపెనీ 1949లో చేసిన మొదటి నమూనా ఏమిటో తెలుసా? ఫెర్గూసన్ ట్రాక్టరు! ట్రాక్టర్లమ్మే ఏజంట్ల కోసం చేసి, తర్వాత ఖర్చు తగ్గించుకోడానికి విడిభాగాల పెట్టెగా అమ్మారు. 1952లో ఒక పాత తెరచాప ఓడ. 1953లో స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం. ట్రాక్టరుతో మొదలైన ఈ పని యుద్ధవిమానాల పాలు కావడం ప్లాస్టిక్ చేసిన తప్పు కాదు. యుద్ధం గెలిచిన దేశంలో, ఆ గెలుపు కథని పిల్లలకు అమ్మితే లాభమున్న మార్కెట్టు చేసిన పని అది. ఇవాళ పెట్టెమీద విమాన కంపెనీ అనుమతి ముద్ర కూడా వుంటోంది: ప్రజల పన్నుల డబ్బుతో తయారైన బాంబరు ఆకారానికి కూడా సొంతదారు వున్నాడన్నమాట.

1942లో అమెరికా నౌకాదళం బడిపిల్లల్ని 5,00,000 విమాన నమూనాలు కర్రతో చేసిపెట్టమని కోరింది. ఆకాశంలో కనిపించే విమానం మనదో శత్రువుదో గుర్తుపట్టడం సిపాయిలకు నేర్పడానికి అవి కావలసివచ్చాయి. 72వ వంతు కొలతలోనే చేయించారు. ఆ లెక్కన ఆరడుగుల మనిషి ఒక అంగుళం. పిల్లల చేత యుద్ధపు పని చేయించారని నువ్వు అనవచ్చు. ఫాసిజాన్ని ఓడించడంలో ఆ పిల్లల చేతులకీ పాలు వుందని నేనంటాను. రెండూ నిజమే. రెండింటినీ ఒకేసారి పట్టుకోలేని సిద్ధాంతం మనకి పనికిరాదు.

నువ్వు ప్రదర్శనలో పరీక్షగా చూడని బొమ్మ ఒకటుంది. రెండు అంతస్తుల రెక్కల పో-2 విమానం. కర్రా గుడ్డా తప్ప లోహం పెద్దగా లేదు. విమానం నడపడం నేర్పడానికీ, చేలమీద మందు చల్లడానికీ పుట్టినది. మొక్కజొన్న చేల పేరే దానికి ముద్దుపేరయింది. మరీనా రస్కోవా కూడగట్టిన సోవియట్ యువతులు ఆ పొలం విమానాలమీద రాత్రిపూట ఎగిరి, 20,000కు పైగా దాడులు చేశారు. అది యుద్ధవిమానం గనక చెయ్యకూడదంటావా? పొలానికి పుట్టిన యంత్రం బాంబులు ఎందుకు మొయ్యవలసి వచ్చిందో చెప్పడానికి ఆ గుడ్డరెక్కల కన్నా మంచి పాఠ్యపుస్తకం నాకు తెలీదు.

నిషేధించమనడం సులువు. నిషేధిస్తే ఏమవుతుంది? ఈ బల్లలు, ఈ కుర్రాళ్ల వేళ్లలోని నేర్పు, వాళ్ల చరిత్ర ఆసక్తి, అన్నీ ఏ ప్రశ్నా అడగనివాళ్ల చేతుల్లోకి పోతాయి. ఆ 1946 కలలవాళ్లు మన నిషేధాన్ని చూసి సంతోషిస్తారు. మనం ఖాళీ చేసిన ఏ చోటూ ఖాళీగా వుండదని మనకి అనుభవం మీద తెలుసు.

5

అందుచేత నా ప్రతిపాదన చిన్నది. బొమ్మలు చేద్దాం, పీటతో సహా చేద్దాం. విమానాన్ని గాలిలో వదిలెయ్యకుండా దాని కింద నేల పెడదాం. పక్కన ఒక అట్టముక్క మీద బరువూ వేగమూ రాసే చోట, ఎవరు చేశారు, ఎలాంటి స్థితిలో చేశారు, ఎక్కడ ప్రయోగించారు, ఎవరు చచ్చారు అన్నవి కూడా రాద్దాం. అన్నీ ఆధారాలు చూసుకునే రాద్దాం. రివెట్లు లెక్కపెట్టేవాడి నిక్కచ్చితనం మనకి శత్రువు కాదు. ఆ నిక్కచ్చితనాన్ని మనుషుల దాకా తీసుకురావడమే మన పని. కొండపల్లిలో ఆ పొణికి కర్ర చెక్కేవాళ్లు తాడిచెట్టు చేస్తే దాని మీద కల్లుగీసేవాణ్ని కూడా ఎక్కిస్తారు. సిద్ధాంతం చదివి చెయ్యలేదు వాళ్లు. మనిషి లేని చెట్టు వాళ్ల కంటికి బొమ్మగా ఆనలేదు.

నేనిప్పుడు ఆ నకజిమా విమానానికి కింద నేల చేస్తున్నాను. 1933లో తెరిచిన మా రేవులో ఒక ధక్కా, నాలుగు బస్తాలు, ఒక ఎడ్లబండి. చెయ్యడం మొదలుపెట్టాక తెలిసింది: తుపాకీ పట్టిన సిపాయి బొమ్మ కావాలంటే ఏ దేశపు సిపాయైనా, ఏ భంగిమలోనైనా డబ్బు పారేస్తే దొరుకుతాడు. బస్తా మోస్తున్న రేవు కూలీ మాత్రం నాకు ఏ పెట్టెలోనూ దొరకలేదు. పుట్టీతో ఒక్కొక్కరినే చెక్కుకోవలసి వస్తోంది. నాకు మనుషుల్ని చెయ్యడం బాగా రాదు. ముప్ఫై యేళ్లు యంత్రాలే చేశాను; చెయ్యి అటే తిరిగింది. మొదటి కూలీ కాళ్లు పొట్టిగా వచ్చాయి. రెండోవాడికి బస్తా బరువు వీపులో కనబడలేదు. పారేసి మళ్లీ చేస్తున్నాను. అమ్మ అప్పుడప్పుడు వచ్చి చూసి, కూలీలు తలపాగా అలా చుట్టరని చెప్పి వెళ్తుంది.

ఆదివారాలు సాయంత్రం నేను ఇంట్లోనే వుంటాను. నన్ను నిలదీసిన విద్యార్థి మిత్రుడు వస్తే, ఉప్పుకాగితమూ కత్తీ ఇస్తాను. ఇంకా పదిమంది కూలీల్ని చెయ్యాలి.